సవరణ: ఏ7సీ షట్టర్, ఫ్లాష్ గురించి

మొన్న నాగార్జునసాగర్ ఫొటోలతో పెట్టిన పోస్టులో, సోనీ ఏ7సీ కెమెరాలో 1/8000 సెకను షట్టర్ వేగం దగ్గర కూడా ఫ్లాష్ వాడొచ్చని రాశాను. అది తప్పు. కంపెనీ మాన్యువల్ మళ్లీ చూశాను. 1/8000 ఎలక్ట్రానిక్ షట్టర్‌లోనే (తెర కదలకుండా సెన్సరే ఫొటోను చదివే పద్ధతి) వస్తుంది, అందులో ఫ్లాష్ వెలగదు. మెకానికల్‌కు (నిజంగా తెర కదిలే షట్టర్‌కు) గరిష్ఠం 1/4000, ఫ్లాష్ సింక్ (మామూలుగా ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ వేగం) 1/160.

నల్గొండలో పెళ్లిళ్లు తీసే తమ్ముళ్లు ఇది ముఖ్యంగా గమనించాలి. కొన్ని ఫంక్షన్ హాళ్ల ఎల్‌ఈడీ లైట్లు మన 50 హెర్ట్జ్ కరెంటుకు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో సెన్సర్ వరసలు ఒకదాని తర్వాత ఒకటి చదువుతుంది కాబట్టి ఫొటోలో అడ్డచారలు పడతాయి. తలంబ్రాలు మళ్లీ పోయించలేం కదా, అక్కడ మెకానికల్‌లోనే ఉంచండి. మిట్టమధ్యాహ్నం ఎఫ్/1.8 (లెన్స్ బాగా తెరిచి తీయడం) కావాలంటే మాత్రం 1/4000 దగ్గర కూడా వెలుగు ఎక్కువవుతుంది, ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే అద్దం) పెట్టుకోండి.