ఐదో ఆశ్రమ ధర్మాలు

బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్యాసం అని మన శాస్త్రాలు నాలుగు ఆశ్రమాలే చెప్పాయి. వాటిని తప్పుపట్టలేం, అప్పటికి హెచ్‌1బి అనే అమెరికా ఉద్యోగ వీసా లేదు. 1990లో పెద్ద బుష్‌గారు సంతకం పెట్టిన ఇమ్మిగ్రేషన్ చట్టంతో ఆ లోటు తీరింది. గృహస్థుగా మొదలుపెట్టి వానప్రస్థం వయసు దాటినా కొనసాగగలిగే ఐదో ఆశ్రమం ఒకటి ఏర్పడింది. దాని పేరు నాన్‌ఇమ్మిగ్రెంట్.

డాలస్ శివార్లలో ముప్పై ఏళ్ల వాయిదాల మీద ఇల్లు కొన్నవాడు, ఆ ఇంటికి హైదరాబాద్ నుంచి టేకు పూజామందిరం తెప్పించుకున్నవాడు, ఇద్దరు పిల్లల్ని అక్కడి స్కూల్లో చదివిస్తున్నవాడు కూడా చట్టం దృష్టిలో తాత్కాలికంగా ఆగిన మనిషే. ఉద్యోగం పోతే ఇంకో కంపెనీ చూసుకోవడానికి 60 రోజులు ఇస్తారు. ముప్పై ఏళ్ల ఇల్లు, అరవై రోజుల గడువు. అనిత్యత గురించి ఇంత స్పష్టంగా చెప్పే ప్రవచనం నేను ఏ టీవీ ఛానెల్లోనూ వినలేదు. అయినా మనవాళ్లు సణుగుతూనే ఉంటారు. ఆ అజ్ఞానాన్ని తొలగించడానికే ఈ వ్యాసం.

నియమాలు తేలికే. మొదట మూడేళ్లు, ఎక్స్‌టెన్షన్ మీద మరో మూడేళ్లు. ఆరేళ్లు నిండాక మూటాముల్లె సర్దుకోవాలి. ఈ ఆఖరి మాట చదివి కంగారు పడేవాళ్లు ఇంకా ఆశ్రమానికి కొత్తన్నమాట. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 అనే దరఖాస్తు అప్రూవ్ అయి, క్యూలో వంతు మాత్రం రానివాళ్లకు మూడేసి ఏళ్ల చొప్పున పొడిగించుకుంటూ పోవచ్చని 2000లో మరో చట్టం చేశారు. ఎన్నిసార్లన్న లెక్క లేదు. ఆరేళ్ల పరిమితి చెక్కుచెదరలేదు, మనిషీ కదల్లేదు.

ఆ ఐ-140 కంటే ముందు పెర్మ్ అనే క్రతువు ఒకటి జరగాలి. ఒకడు అయిదేళ్లుగా ఒక ఉద్యోగం చేస్తుంటాడు. అదే ఉద్యోగానికి తగిన అమెరికన్ దొరుకుతాడేమోనని అతని కంపెనీయే వెతకాలి. రెండు ఆదివారాలు దినపత్రికలో ప్రకటన ఇవ్వాలి. రాష్ట్ర ఉపాధి కార్యాలయంలో 30 రోజులు పోస్టింగ్ పెట్టాలి. ఆఫీసులో నలుగురికీ కనబడేచోట 10 పనిదినాలు నోటీసు అంటించాలి, అందులో జీతం కూడా రాయాలి. ఆ నోటీసు పక్కనే నిలబడి, తన కుర్చీకి అర్హుడు దొరక్కూడదని మొక్కుకుంటూ కాఫీ తాగడం మామూలు తపస్సు కాదు. ఉద్యోగ ప్రకటన ఇచ్చి, ఎవరూ రానందుకు ఊపిరి పీల్చుకునే యాజమాన్యాలు మరే ఏర్పాటులోనూ కనబడవు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం ఆదివారం పేపర్ తిరగేసే అమెరికన్ కుర్రాడు ఎక్కడున్నాడో గానీ, అక్కడి అచ్చు పత్రికలకు మనవాళ్లు చేస్తున్న సేవను మాత్రం ఎవరూ గుర్తించడం లేదు.

ఇన్ని దాటాక క్యూ వస్తుంది. ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు. ఏ దేశానికీ 7 శాతం మించకూడదు. నూట నలభై కోట్ల మందికీ ఏడు శాతమే, నాలుగు లక్షలైనా లేని ఐస్‌లాండ్‌కీ ఏడు శాతమే. సమానత్వమంటే మనకి రాజ్యాంగంలో చదువుకోవడమే తెలుసు, వాళ్లు అమలు చేసి చూపించారు. ఫలితం నెలనెలా వీసా బులెటిన్‌లో అచ్చవుతుంది. 2025 అక్టోబరు బులెటిన్‌లో ఈబీ-2 (పై చదువులవాళ్ల కోటా) ఇండియా తేదీ 2013 ఏప్రిల్ 1, అంటే అంతకుముందు క్యూలో చేరినవాళ్ల వంతే వచ్చిందన్నమాట. ఏప్రిల్ 1 కావడం యాదృచ్ఛికమేనని నమ్ముదాం. ఈ తేదీ ఒక నెల రెండు వారాలు జరుగుతుంది, ఒక నెల కదలదు, బుద్ధి పుడితే వెనక్కి కూడా పోతుంది. రెండేళ్ల వయసులో ఇండియా నుంచి తెచ్చుకున్న పిల్లకు ఈలోపు 21 నిండి, లెక్కల్లో మినహాయింపేదీ కలిసిరాకపోతే, ఆమె తండ్రి వీసా మీద ఉండడానికి వీల్లేదు. స్టూడెంట్ వీసా తెచ్చుకోవాలి, లేదా తనకు గుర్తే లేని స్వదేశానికి వెళ్లిపోవాలి. అమెరికాలో పుట్టిన తమ్ముడు పౌరుడు గనక ఎయిర్‌పోర్టుకి దిగబెట్టొచ్చు.

అసలు సాధన స్టాంపింగ్ దగ్గర మొదలవుతుంది. ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయితే అమెరికాలో ఉండొచ్చు. కానీ గడప దాటితే మళ్లీ లోపలికి రావడానికి పాస్‌పోర్టులో వీసా స్టాంపు కావాలి, అది బయటి దేశంలోనే వేస్తారు. 2024 మొదట్లో 20 వేల మంది దాకా అమెరికాలోనే రెన్యూ చేస్తామని ఒక ప్రయోగం చేశారు. బాగానే నడిచింది, ఆపేశారు. 2025 సెప్టెంబరులో ఇంటర్వ్యూ లేకుండా కాగితాలిచ్చి స్టాంపు తెచ్చుకునే డ్రాప్‌బాక్స్‌ని దాదాపు మూసేసి అందరినీ ఇంటర్వ్యూకి రమ్మన్నారు. మెక్సికోకో కెనడాకో వెళ్లి స్టాంపు వేయించుకొచ్చే అలవాటునీ మాన్పించి, ఎవరి దేశానికి వాళ్లు వెళ్లండన్నారు. డిసెంబరులో హెచ్‌1బి వాళ్ల, హెచ్‌4 మీద ఉండే వాళ్ల కుటుంబసభ్యుల సోషల్ మీడియా ఖాతాలు తనిఖీ చేయాలని, అందరికీ కనబడేలా తెరిచి పెట్టమని చెప్పి, ఆ నెల అపాయింట్‌మెంట్లు బోలెడు మార్చికీ ఆపైకీ జరిపారు. డిసెంబరులో చెల్లెలి పెళ్లికి వచ్చినవాళ్లు అలాగే ఉండిపోయారు. ఇంకొన్నాళ్లు ఓపిక పడితే సీమంతం కూడా చూసుకుని వెళ్లొచ్చని పెద్దలు సంతోషించారట. అమ్మానాన్నలతో గడపడానికి తీరిక లేదని ఏడ్చే కొడుకులకి ఇంతకంటే ఏ ప్రభుత్వం ఏం చేస్తుంది?

నాన్న పోయాడని ఫోనొస్తే ఈ ఆశ్రమంలో మొదట చూసుకునేది టికెట్ కాదు, స్టాంపింగ్ ఎప్పటిదాకా ఉందన్నది. తలకొరివి వీడియో కాల్‌లో చూసినవాళ్లున్నారు. దయచేసి వాళ్లకి ఈ వ్యాసం ఫార్వర్డ్ చేయకండి.

రుసుముల సంగతి కూడా చూద్దాం. ప్రీమియం ప్రాసెసింగ్ ఫీజు 2024లో 2,805 డాలర్లయింది. కడితే 15 పనిదినాల్లో జవాబిస్తారు. జవాబు అవునని ఉండాలన్న రూలేమీ లేదు, ఇంకో నాలుగు కాగితాలు పంపమని ఆర్‌ఎఫ్‌ఈ అయినా రావచ్చు. 2025 సెప్టెంబరు 19న కొత్త పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలన్నారు. ఉన్నవాళ్ల ఎక్స్‌టెన్షన్లకు అది వర్తించదని వివరణ వచ్చేలోపే ఇండియాకి విమానం ఎక్కినవాళ్లు దిగిపోయారు, సెలవుకి వచ్చినవాళ్లు ఏ ధరకైనా టికెట్ కొన్నారు. ఇటు చిలుకూరు బాలాజీ గుడిలో హుండీయే లేదు. కోరుకోవడానికి 11 ప్రదక్షిణలు, తీరాక 108. దేశాలవారీ కోటా లేదు, సోషల్ మీడియా తనిఖీ లేదు. నిర్వహణ విషయంలో రెండు సంస్థలనీ పోల్చి ఎవరైనా పీహెచ్‌డీ చేయాలి.

పంచాంగకర్తలకు కూడా ఒక విన్నపం. హెచ్‌1బి ఎవరికి దక్కాలో తేల్చే లాటరీ, ఉగాది దాదాపు ఒకే రోజుల్లో వస్తాయి. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలతో పాటు ఈబీ-2 తేదీ ఆ ఏడు ఎన్ని వారాలు కదులుతుందో రాశులవారీగా చెబితే పుణ్యముంటుంది. తప్పు చెప్పినా ఫర్వాలేదు. అటార్నీలు మాత్రం సరిగ్గా చెబుతున్నారా?

ఇక పెళ్లిచూపులకు వెళ్లే పెద్దలు తెలుసుకోవాల్సిన ధర్మసూక్ష్మం ఒకటుంది. గ్రీన్‌కార్డు క్యూ పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. భార్య వేరే దేశంలో పుట్టి ఉంటే భర్త ఆ దేశం క్యూలోకి మారిపోవచ్చు. అంటే, కడప నుంచి వెళ్లి మస్కట్‌లో ఉద్యోగం చేసుకున్న ఒకాయనకి అక్కడే కూతురు పుట్టిందనుకోండి. ఆ అమ్మాయి పాస్‌పోర్టు ఇండియాది, మాట కడపది, క్యూ మాత్రం ఒమన్‌ది. ఐ-140 అప్రూవ్ అయిన అబ్బాయికి పదేళ్లకు పైగా ఆగిన కాలం ఆ మూడు ముళ్లతో కదులుతుంది. కాబట్టి ఇకపై గోత్రం, నక్షత్రం, పాదం అడిగాక నాలుగో ప్రశ్నగా ఏ దేశపు ఆసుపత్రిలో పుట్టిందో అడగండి. మొహమాటపడకండి. 1961 నాటి వరకట్న నిషేధ చట్టంలో పుట్టిన ఊరి ప్రస్తావన లేదు.