పది గళ్లు, పన్నెండు సీట్లు: ‘ఐడిల్ ఛాంపియన్స్’లో అమరికకు విలువ ఎంతవరకు?

‘ఐడిల్ ఛాంపియన్స్ ఆఫ్ ది ఫర్గాటెన్ రెల్మ్స్’ అనే వీడియో గేమ్‌ను కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది. ఉన్న యోధుల్లో ఎక్కువ దెబ్బ కొట్టేవాళ్లనందరినీ ఏరి ఒకచోట నిలబెడతారు. మొదటి కొన్ని ఏరియాలు చకచకా దాటుతాయి. ఆ తర్వాత బండి ఆగిపోతుంది. చేతిలో ఉన్న గోల్డ్ అంతా పోసి లెవెళ్లు పెంచితే రెండు ఏరియాలు కదిలి మళ్లీ అక్కడే నిలబడుతుంది. యోధుల వస్తువులుండే పెట్టెలు కొంటే తప్ప ముందుకు పోనివ్వదేమోనన్న అనుమానం అక్కడే పుడుతుంది. నిజానికి ఆ దశలో కావలసింది పెట్టె కాదు. అదే మనుషులను వేరే గళ్లలో పెట్టడం.

కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని విక్టోరియాలో ఉన్న కోడ్‌నేమ్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే స్టూడియో తయారుచేసిన ఉచిత గేమ్ ఇది. 2017 సెప్టెంబరులో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణంలో ప్రాథమిక రూపంలో వచ్చింది, 2020 మార్చిలో పూర్తి విడుదల అయింది. పాత్రలు, ఊళ్లు, రాక్షసులు అన్నీ 1974 నుంచి నడుస్తున్న, బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు ధరించి ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట లోకానివే, అదీ లైసెన్సు తీసుకుని వాడుకున్నవి. యోధులు తమంతట తామే కొడుతుంటారు, శత్రువులు కుడివైపు నుంచి వస్తూనే ఉంటారు, ప్రతి ఐదో ఏరియాలో ఒక బాస్ ఎదురవుతాడు. మనం చేసేదల్లా ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పడం, గోల్డ్‌తో లెవెళ్లు పెంచడం. గేమ్ మూసేసినా లెక్క నడుస్తూనే ఉంటుంది.

యోధులు వందకు పైగా ఉన్నారు. కానీ ప్రతి ఒక్కరికీ 1 నుంచి 12 వరకు ఒక సీటు నంబరు ఉంటుంది. ఒకే సీటుకు చెందిన ఇద్దరు ఒకేసారి మైదానంలోకి దిగలేరు. పైగా మైదానంలో గళ్లు మామూలుగా పదికి మించవు. అంటే సీటుకొకరిని ఎంచుకున్నాక కూడా ఇద్దరు బయట కూర్చోక తప్పదు. ఈ చిన్న నిబంధనే ఆటకు ప్రాణం. ఇది లేకపోతే అందరూ ఒకే పదిమందిని పెట్టుకుని కూర్చునేవాళ్లు. ఆరో సీటులో గొప్పవాళ్లు నలుగురున్నా పనికొచ్చేది ఒక్కరే. అందుకే ‘నా దగ్గర ఎంతమంది ఉన్నారు’ అన్న లెక్క కన్నా ‘ఏ సీటు ఖాళీగా ఉంది’ అన్న లెక్క ముఖ్యం. కొత్త యోధుణ్ని తెచ్చుకునే అవకాశం వచ్చినప్పుడు బొమ్మ చూసి కాదు, సీటు చూసి ఎంచుకోవాలి.

ఇక దెబ్బల లెక్క. సహాయక యోధులు ఇచ్చే బలం చాలావరకు కూడికగా పడదు, గుణకారంగా పడుతుంది. ఉదాహరణకు ఒకే ఒక ప్రధాన యోధుడున్నాడు, అతని చుట్టూ ఉన్న ముగ్గురు తలా 400 శాతం బలం కలుపుతున్నారు అనుకుందాం. 400 శాతం కలపడమంటే ఐదు రెట్లు చేయడం. ముగ్గురూ కలిస్తే 5×5×5, అంటే 125 రెట్లు. ఇప్పుడు ఆ ముగ్గురిలో ఒకరిని తీసేసి రెండో ప్రధాన యోధుణ్ని పెట్టండి. ఇద్దరికీ మిగతా ఇద్దరి సాయం పూర్తిగా అందినా ఒక్కొక్కరిది 25 రెట్లు, మొత్తం 50. మనుషులు అంతేమంది ఉన్నా సగం కన్నా ఎక్కువ బలం గాలికి పోయింది. బలవంతులందరినీ కలిపి నిలబెట్టినవాడు ఎందుకు ఆగిపోయాడో ఇదే చెబుతుంది. కొట్టేవాడు ఒక్కడు చాలు, మిగతావాళ్లంతా వాడికి కొమ్ముకాయాలి.

కొమ్ముకాయడంలోనూ ఎవరి షరతు వాళ్లది. ఒకరు పక్క గళ్లలో ఉన్నవాళ్లకే బలమిస్తారు. మరొకరు తమ ముందున్న నిలువు వరుసకి, ఇంకొకరు వెనకున్న వరుసకి. కొందరు తమకు ఎంత దూరంలో ఉంటే అంత ఎక్కువిస్తారు. ఇంకొందరు జాతిని, వయసును, మంచి చెడ్డల స్వభావాన్ని చూసి ఇస్తారు. ఒక్కో కాంపెయిన్‌లో (ఒకే కథలోని సాహసాల వరుస) గళ్ల ఆకారం ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒకచోట అద్భుతంగా పనిచేసిన అమరిక మరోచోట అలాగే దించితే సగం తీగలు తెగిపోతాయి. అందుకే అమరిక మొదలుపెట్టాల్సింది ప్రధాన యోధుడి గడి నుంచి. ఎక్కువ పక్కగళ్లు తగిలే చోటు చూసి ముందు అతన్ని కూర్చోబెట్టాలి. తర్వాత షరతు కఠినంగా ఉన్న సహాయకులను, చివర ఎక్కడ పెట్టినా పనిచేసేవాళ్లను నింపాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు: ముందు సీట్ల వరుసలో నింపుకుంటూ పోయి, ప్రధాన యోధుణ్ని మిగిలిన గడిలో ఇరికిస్తారు.

ముందు వరుస సంగతి వేరు. శత్రువులు కొట్టేది ముందున్నవాళ్లనే కాబట్టి అక్కడ తట్టుకునేవాళ్లు ఉండాలి. మొదట్లోనే దొరికే నయేలీ అందుకే పనికొస్తుంది. గాయాలు మాన్పే సెలెస్ట్ కూడా అప్పుడే దొరుకుతుంది, ఆమెను ముందు పెట్టి పోగొట్టుకోకూడదు. ముందున్నవాడు తట్టుకోవడం కూడా ఎంతమంది మీద పడుతున్నారన్నదాన్ని బట్టి మారుతుంది. ఒక హద్దు దాటి గుంపు మీద పడితే ప్రతి దెబ్బా పెరుగుతుంది. ఏరియా ఆగిపోయినప్పుడు రెండు ప్రశ్నలు వేరువేరుగా వేసుకోవాలి: మనవాళ్లు చస్తున్నారా, లేక శత్రువులు చావడం లేదా? మొదటిదైతే సమస్య ముందు వరుసది, దెబ్బ పెంచే యోధుణ్ని తెచ్చినా ఉపయోగం ఉండదు. రెండోదైతే గుణకారం ఎక్కడో తెగింది.

గమనించని పొరపాటు మరొకటి స్పెషలైజేషన్. కొన్ని లెవెళ్ల దగ్గర ప్రతి యోధుడూ రెండు మూడు దారుల్లో ఒకటి ఎంచుకోమంటాడు. తొందరలో ఏదో ఒకటి నొక్కేస్తే మామూలుగా ఆ సాహసం రీసెట్ అయ్యేదాకా, అంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేదాకా, మార్చుకోలేం. పక్కగళ్లకు బలమిచ్చే దారి ఎంచుకుని, ఆ యోధుణ్ని మూలన పెట్టిన అమరికలు లెక్కలేనన్ని కనిపిస్తాయి.

ఎంత బాగా అమర్చినా ఏదో ఒకచోట గోడ తగులుతుంది, అది తప్పు కాదు. శత్రువుల ప్రాణం ఏరియాకు ఇన్ని రెట్లు చొప్పున పెరుగుతుంది. లెక్క కోసం ఏరియాకు 1.2 రెట్లు అనుకుంటే, మీ దెబ్బను ఏకంగా పదింతలు చేసినా ముందుకు పోయేది సుమారు 12 ఏరియాలే. అందుకే అంకెలు త్వరలోనే కోట్లు దాటి, పక్కన ‘ఇ’ గుర్తుతో సున్నాల లెక్క చూపించే స్థితికి వస్తాయి. గోడ దగ్గర గంటలకొద్దీ కాచుక్కూర్చోవడం దండగ. సాహసం ముగించి రీసెట్ చేస్తే సంపాదించిన గోల్డ్ ఫేవర్‌గా మారుతుంది, ఫేవర్ వచ్చే విడతలో గోల్డ్ రాబడిని పెంచుతుంది. అయితే ఫేవర్ ఏ కాంపెయిన్‌ది ఆ కాంపెయిన్‌కే ఉంటుంది. నాలుగుచోట్ల కాలు పెట్టేవాడికి నాలుగుచోట్లా పేదరికమే. మొదట ఒక కాంపెయిన్‌లో నిలదొక్కుకోవాలి.

ఈ ఆటలో నిజంగా మెచ్చుకోదగ్గవి వేరియంట్లు. అదే సాహసం, కానీ ఒక షరతుతో వస్తుంది: రెండు గళ్లను కాపాడాల్సిన బాటసారులు ఆక్రమిస్తారు, లేదా ఫలానా స్వభావమున్న యోధులే ఆడాలి, లేదా ముందు వరుస ఖాళీగా ఉంచాలి. పేట్రన్‌లు దీన్నే ఇంకా బిగిస్తారు. మిర్ట్, వజ్ర, స్ట్రాడ్ వంటి పోషకుల కింద ఆడితే ఎవరిని అనుమతించాలో వాళ్లే నిర్ణయిస్తారు. అలవాటుపడ్డ పదిమందిలో ఐదుగురు ఒక్కసారిగా గల్లంతవుతారు. ఎవరూ పట్టించుకోని యోధుడి గుణాల జాబితా అప్పుడు చదవాల్సి వస్తుంది. ‘యోధులను సేకరించడం’ అన్న మాటకు అర్థం వచ్చేది ఇక్కడే.

పెట్టెల విషయానికొస్తే, వెండి పెట్టె ధర 50 జెమ్స్ (ఆటలోని రత్నాలు), బంగారు పెట్టెది 500. జెమ్స్ బాస్‌లను దాటుతుంటే వస్తాయి, డబ్బు పెట్టక్కర్లేదు. పెట్టెలో వచ్చేవి యోధుల వస్తువులు, ఒక్కో యోధుడికి ఆరు. ఏది వస్తుందో మన చేతిలో లేదు. దొరికింది మళ్లీ దొరికితే పాతదాని లెవెల్ పెరుగుతుంది. దీన్ని జూదమనొచ్చా? తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినప్పుడు చూసింది డబ్బు పెట్టి డబ్బు గెలిచే వ్యవహారాన్ని. ఈ పెట్టెలోంచి వచ్చిన గద తిరిగి రూపాయి కాదు. కానీ ‘ఇంకొక్కటి తెరిస్తే వస్తుందేమో’ అన్న యావ మాత్రం రెండింటిలోనూ ఒకటే. బెల్జియం గేమింగ్ కమిషన్ 2018లో కొన్ని పెద్ద గేమ్‌ల లూట్ బాక్సులను (లోపల ఏముందో తెలియకుండా కొనే ఇలాంటి పెట్టెలను) జూదం కిందికే తెచ్చింది. ఇక్కడ ఊరటనిచ్చేది ఒక్కటే: ప్రత్యర్థి అంటూ ఎవరూ లేరు, డబ్బు పెట్టినవాడి చేతిలో ఓడిపోవడమన్నది లేదు.

అసలు విచిత్రం జెమ్స్ సంపాదించే పద్ధతిలో ఉంది. ఐదో సీటులో బ్రివ్ అనే యోధుడున్నాడు. ఏరియా పూర్తయినప్పుడు తర్వాతి కొన్ని ఏరియాలను అతను దూకించేస్తాడు, మధ్యలో దాటిన బాస్‌ల జెమ్స్ కూడా లెక్కలోకి వస్తాయి. ఎన్ని దూకుతాడన్నది అతని నాలుగో వస్తువు లెవెల్‌ని బట్టి ఉంటుంది. వస్తువుల లెవెల్ పెంచే కమ్మరి కాంట్రాక్టులు వాడదామంటే అవి ఆరు వస్తువుల్లో దేనికి పడతాయో చెప్పలేం. నాలుగోదానికి వెయ్యి లెవెళ్లు కావాలంటే సగటున ఆరువేలు పోయాలి.

దూకడానికి ‘హేస్ట్’ నిల్వ కావాలి. ప్రతి దూకుకు ఉన్న నిల్వలో 4 శాతం కరుగుతుంది, 50 కన్నా తగ్గితే దూకడం ఆగిపోతుంది. కాబట్టి వంద దూకులకు మొదట్లో సుమారు 2,960 ఉండాలి. రెండు వందల దూకులకు రెట్టింపు చాలదు, సుమారు 1,75,700 కావాలి. బ్రివ్‌కు మెటల్‌బార్న్ అనే స్పెషలైజేషన్ ఎంచుకోవడంతో ఆ తరుగు 3.2 శాతానికి దిగితే రెండు వందల దూకులకు 33,400 ప్రాంతంలో సరిపోతుంది. అర శాతం, ముప్పావు శాతం ఎంత తేడా తెస్తాయో చూడండి.

ఈ నిల్వ వచ్చేది దెబ్బలు తినడం వల్ల. ఒక విడత చివర్లో పై ఏరియాలో ఆగి, బ్రివ్‌ను ముందు నిలబెట్టి, కొట్టేవాళ్లను తీసేసి, శత్రువుల చేత అతన్ని బాదించాలి. ఆ దెబ్బలు ‘స్టీల్‌బోన్స్’గా పోగై, రీసెట్ తర్వాత హేస్ట్‌గా మారతాయి. మరీ పైకి వెళ్లి ఆపితే బ్రివ్ నాలుగు దెబ్బలకే చస్తాడు, నిల్వ పోగవదు. మరీ కింద ఆపితే తీసేయడం మరిచిన ఎవరో ఒకరు శత్రువులను ఊడ్చేస్తారు, బ్రివ్‌ను కొట్టడానికి శత్రువు మిగలడు. ఇందుకోసమే అమరికలను క్యూ, డబ్ల్యూ, ఇ మీటలకు భద్రపరుచుకుంటారు: క్యూలో పరుగు, డబ్ల్యూలో దెబ్బలు తినే అమరిక, ఇలో బ్రివ్ లేనిది, అంటే దూకకుండా ఒక ఏరియా నడవాలనుకున్నప్పటికి. బ్రివ్ నాలుగు ఏరియాలు దూకుతుంటే ప్రతిసారీ ఐదు కదులుతాం. ఒకటో ఏరియా నుంచి మొదలైతే 1, 6, 11, 16... ఎక్కడా బాస్ దగ్గర దిగం. లెక్క ఒక్కటి తప్పి 5, 10, 15 బాట పట్టామా, ప్రతి దూకూ బాస్ ముందే. ‘ఇ’ మీట విలువ తెలిసేది అప్పుడే.

ఇదంతా తెలివైన పనే. కానీ ఇందులో అమరిక ఎక్కడుంది? పదిమంది పరస్పరం బలమిచ్చుకునే చిక్కుముడి స్థానంలో ఒకే యోధుడు, అతన్ని త్వరగా పరుగెత్తించే నలుగురైదుగురు మిగిలారు. గేమ్ వేగానికి పదిరెట్ల పరిమితి ఉంది, ఆ పరిమితిని అందుకోవడమే లక్ష్యం. చివరికి నిర్మాతలే మోడ్రన్ కోర్‌లు తెచ్చారు. భద్రపరిచిన అమరిక ఇచ్చి, ఫలానా ఏరియాలో రీసెట్ చేయమంటే అదే చేసుకుంటుంది, మనకు బదులు మీటలు నొక్కే ఫెమిలియర్లు అనే సహాయక జీవులు లెవెళ్లు పెంచుతాయి. ఆటగాడి చేతిపనిని యంత్రానికి అప్పగించడమంటే ఆ పనిలో సరదా అయిపోయిందని ఒప్పుకోవడమే. ఇందులో నాకు నిర్మాతల మీద కోపం లేదు, రోజుకు వందసార్లు రీసెట్ నొక్కించడం కన్నా ఇది మర్యాదైన పద్ధతి. లోపం ఎక్కడంటే, పేట్రన్ వేరియంట్ ఒకదాన్ని రెండు రోజులు ఆలోచించి గెలిచినవాడికన్నా, కంప్యూటర్ ఆపకుండా రాత్రంతా వదిలేసినవాడి పెట్టెలే ఎక్కువ నిండుతాయి. అమరికను కేంద్రంగా పెట్టుకుని పుట్టిన గేమ్ బహుమతి ఇచ్చేది ఓపికకూ కరెంటు బిల్లుకూ.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బ్రివ్ లెక్కల జోలికి మొదటి రెండు మూడు నెలలు పోకపోవడం మంచిది. ఒక కాంపెయిన్‌లో ఫేవర్ పెంచుకుని, జెమ్స్ వెండి పెట్టెల మీద చిల్లరగా చల్లకుండా దాచి, సీటుకొక నమ్మకమైన మనిషిని సమకూర్చుకోవాలి. పాత యోధులను తెచ్చుకునే దారి తెరిచే టైమ్ గేట్ ముక్కలు ఆరు చేరగానే, ఖాళీగా ఉన్న సీటుకు సరిపడే పాత ఈవెంట్ (కొద్దికాలమే నడిచే ప్రత్యేక సాహసం) యోధుణ్ని తెచ్చుకోవాలి. మోడ్రన్ చేతికి వచ్చాక జెమ్స్ పని దానికి వదిలేయొచ్చు. దాని పక్కనే ఇంకో పార్టీని పెట్టుకునే వీలుంది. ఆ రెండో పార్టీతో వేరియంట్లు మాత్రం చేత్తోనే ఆడండి.