ఏడు లీటర్ల డబ్బా, ఎనిమిది వందల బిల్లు

రూమ్‌కొచ్చి అరగంటైంది. కంప్యూటర్ పనిచేస్తోంది. మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో ఒక షాపులో "కార్డు పోయింది" అని తేల్చేసిన అదే కంప్యూటర్, అదే గ్రాఫిక్స్ కార్డు (మానిటర్‌కి బొమ్మ పంపే భాగం). బాగు చేసుకోవడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది, పైసా ఖర్చు కాలేదు. షాపులో మాత్రం ఎనిమిది వందలు కట్టి వచ్చాను. ఆ బిల్లు టేబుల్ మీదే ఉంది. చూస్తుంటే ఒళ్లు మండుతోంది, అందుకే రాస్తున్నా. పొడుగైతే ఏమనుకోకండి.

మొన్న రాత్రి వానకి మా ఏరియాలో కరెంటు నాలుగైదు సార్లు పోయి వచ్చింది. తర్వాత ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్‌లో మాత్రం ఏమీ లేదు. నా అనుమానం పవర్ సప్లై మీదకి పోయింది. తేల్చుకోవాలంటే ఇంకో సప్లై పెట్టి చూడాలి. పీజీలో ఉండేదాన్ని, నా దగ్గర రెండోది ఎక్కడుంటుంది? అందుకే ఇవాళ లీవు పెట్టి, కంప్యూటర్ని బ్యాక్‌ప్యాక్‌లో వేసుకుని, మాదాపూర్‌లో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగాను. తమ్ముడు ఖాళీగా ఉన్నాడని తోడొచ్చాడు. వాడు బీకాం. కంప్యూటర్ లోపల ఏముంటుందో వాడికి తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

బ్యాగులోంచి తీసి కౌంటర్ మీద పెట్టగానే షాపతను నవ్వాడు. "ఏంది మేడమ్ ఇది, స్పీకరా?"

"కంప్యూటర్. వేరే సప్లై పెట్టి ఒకసారి ఆన్ చేసి చూడండి చాలు" అన్నాను.

సైడు ప్యానెల్ తీశాడు. కార్డు మీద వేలు పెట్టాడు. పెట్టి, తమ్ముడి వైపు తిరిగి, "ఏం లేదన్నా, డబ్బా చిన్నగుంది. గాలి ఆడక హీటై కార్డు కొట్టేసింది. పెద్ద కేబినెట్ తీస్కో, కార్డు కొత్తది ఏస్కో" అన్నాడు. రెండు రోజులుగా ఆన్ చెయ్యని మెషీన్ అది! చల్లగా పడున్న కార్డు మీద వేలు పెట్టి అది వేడికి పోయిందని ఎలా చెప్తారు? సప్లై మార్చలేదు. "పోనీ రైజర్ కేబుల్ తీసేసి కార్డు నేరుగా బోర్డుకి పెట్టి చూడండి" అన్నాను. కార్డుని మదర్‌బోర్డుకి కలిపే కేబుల్ అది. "అదంతా చూసినం మేడమ్" అన్నాడు. చూడలేదు. నేను కళ్ల ముందే నిలబడి ఉన్నాను, ఆ కేబుల్ జోలికి ఎవ్వరూ పోలేదు.

తమ్ముడు రెండుసార్లు "అక్కని అడగండి, ఇది అక్కది" అన్నాడు. అతను తలూపి మళ్లీ వాడికే చెప్పుకుంటూ పోయాడు.

నా డబ్బా సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తాను. దీని పేరు డాన్ ఏ4-ఎస్ఎఫ్ఎక్స్. జర్మనీలో ఒకాయన డిజైన్ చేస్తే, 2016లో కిక్‌స్టార్టర్‌లో జనం ముందే డబ్బులు కట్టి తయారు చేయించుకున్న కేసు. మొత్తం 7.2 లీటర్లు. మనం వాటర్ ప్లాంట్ నుంచి తెప్పించుకునే 20 లీటర్ల క్యాన్ ఉంటుంది చూడండి, అందులో మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ. మామూలు కేబినెట్ 40, 50 లీటర్లు ఉంటుంది. డల్లాస్‌లో ఉండే మా పిన్ని కూతురు కొన్నాళ్లు వాడి, తనకిక అక్కర్లేదని ఇండియా వచ్చినప్పుడు సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి నాకోసం తెచ్చింది. అందులో రైజన్ 7 7800ఎక్స్3డీ ప్రాసెసర్, రెండు స్లాట్ల మందానికి మించని ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ ర్యామ్, 600 వాట్ల ఎస్ఎఫ్ఎక్స్ (చిన్న సైజు) సప్లై ఉన్నాయి. పెద్ద డబ్బాలో ఇవే వస్తువులు పెడితే ఇంతకన్నా వేగంగా ఏమీ పరిగెత్తవు.

"గాలి ఆడదు" అనేవాళ్లలో ఒక్కరైనా లోపల ఎలా ఉంటుందో చూశారా? బోర్డు ఒక వైపు, కార్డు ఇంకో వైపు, మధ్యలో ఒక రేకు. వీపూ వీపూ ఆనించి కూర్చున్నట్టు ఉంటాయి. రెండింటినీ కలిపేదే ఆ రైజర్ కేబుల్. కార్డు ఫ్యాన్లకి ఎదురుగా చిల్లుల ప్యానెల్, దాని అవతల గది గాలి. అంటే కార్డు బయటి చల్లగాలినే నేరుగా పీల్చుకుంటుంది. ముందు గాజు, పక్కన గాజు, చుట్టూ రంగుల లైట్లు పెట్టి అమ్మే పెద్ద డబ్బాల్లో ఎన్నిట్లో కార్డు తను వదిలిన వేడినే మళ్లీ పీలుస్తోందో ఆ షాపుల వాళ్లకే తెలియాలి.

వేడి సమస్య లేదని నేను అనడం లేదు. ఉంది, దాని కోసమే నెల రోజులు చదివాను. యూట్యూబ్‌లో రివ్యూలు చేసేవాళ్లు ఏసీ గదిలో 21, 22 డిగ్రీల దగ్గర కొలిచి చూపిస్తారు. మే నెలలో మా పీజీ గది 36 ఉంటుంది. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపల చిప్పు కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది, అంటే వాళ్ల లెక్కకి పద్నాలుగు కలుపుకోవాలి. అందుకే ప్రాసెసర్‌కి వోల్టేజీ తగ్గించాను, కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగులో మైనస్ 20. అదసలే గేముల్లో 80 వాట్లు కూడా తాగదు. ఈ కేసులో కూలర్ ఎత్తు 48 మిల్లీమీటర్లు దాటకూడదు, నేను 47 మిల్లీమీటర్లది వెతికి పట్టుకున్నాను. మొన్న మే ఎండల్లో ఏసీ లేకుండా, సీలింగ్ ఫ్యాన్ కింద, రెండు గంటలు ఆడితే ప్రాసెసర్ 82 దాటలేదు. దాని హద్దు 89. కార్డు 74 దగ్గర ఆగింది. ఇవన్నీ తారీఖులతో సహా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇంత చేసినదాని ముందు నిలబడి ఒకతను వేలు పెట్టి తీర్పు చెప్పాడు.

బిగించిన రోజు సంగతి కూడా చెప్పాలి. పెద్ద డబ్బాలో గంటన్నర పని. ఇందులో రాత్రి తొమ్మిదికి కూర్చుంటే లేచేసరికి మూడున్నర. వరస తప్పితే అంతే. ఎస్ఎస్‌డీ, ర్యామ్, కూలర్ అన్నీ బయటే బోర్డుకి బిగించాకే బోర్డుని లోపల దింపాలి, తర్వాత చెయ్యి దూరదు. సప్లైతో వచ్చిన వైర్లు పొడుగ్గా ఉంటాయి, వాటిని మడిచి దాచడానికి చోటుండదు, పొట్టివి విడిగా చేయించుకోవాలి. ఒక స్క్రూ జారి బోర్డు వెనక్కి పడింది. దాని కోసం మొత్తం విప్పి మళ్లీ బిగించాను. మా రూమ్మేట్ నిద్రపోతుంటే ఫోన్ లైటు నోట్లో పట్టుకుని చేశాను. తెల్లవారుజామున బొమ్మ వచ్చినప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. డబ్బు కూడా ఎక్కువే అయింది. 17 సెంటీమీటర్ల మినీ ఐటీఎక్స్ అనే చిన్న సైజు బోర్డుకి ర్యామ్ స్లాట్లు రెండే, ధర మాత్రం పెద్ద బోర్డు కన్నా ఎక్కువ. చిన్న సప్లై కూడా అంతే. తెలిసే కొన్నాను. నా రెండడుగుల టేబుల్ మీద మానిటర్, కీబోర్డు, భోజనం ప్లేటు అన్నీ పట్టాలి. రెండేళ్లలో మూడు పీజీలు మారాను. మారిన ప్రతిసారీ ఇది నా భుజాన బ్యాగులోనే వచ్చింది.

అలాంటప్పుడు ల్యాప్‌టాప్ కొనుక్కోవచ్చుగా అంటారు. ఈ మాట ఎంతమంది అన్నారో లెక్క లేదు. 4070 అని రాసుంటే అన్నీ ఒకటే అనుకుంటారు. డెస్క్‌టాప్ 4070కి 12 జీబీ మెమరీ, 5888 కోర్లు. ల్యాప్‌టాప్ 4070కి 8 జీబీ, 4608 కోర్లు. లోపలి చిప్పే వేరు. పేరు మాత్రం అదే పెట్టి అమ్ముతారు. 4090 కూడా అంతే, ఇటు 24 జీబీ, అటు 16. కిరాణా కొట్టులో కిలో ప్యాకెట్ అని రాసి ముప్పావు కిలో పోస్తే గొడవ పెట్టుకుంటాం కదా, ఇక్కడ ఎందుకు ఊరుకోవాలి? మూడేళ్ల తర్వాత నేను కార్డొక్కటే మార్చుకోగలను. ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు మొత్తం మెషీన్ మార్చాలి.

సరే, నిజం చెప్పేస్తాను. నా కోపం డబ్బా గురించి మాత్రమే అయితే ఇంత రాసేదాన్ని కాదు.

2014లో మా నాన్న తెనాలి ఇంటికి మొదటి కంప్యూటర్ తెచ్చారు. నేను ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. తమ్ముడు నాలుగో క్లాసు. కంప్యూటర్ "బాబు కోసం" వచ్చింది. వాడి మంచం పక్కన పెట్టారు, అమ్మ దాని మీద పువ్వుల గుడ్డ కప్పింది. నేను వాడుకోవాలంటే వాడు పడుకున్నాక వాడుకోవాలి, లేదా వాడి దగ్గరికెళ్లి అడగాలి. తొమ్మిదేళ్ల పిల్లాడిని. వేసవి సెలవుల్లో ఒకరోజు అది బీప్ బీప్ మని అరిచి ఆగిపోయింది. నాన్న షాపుకి తీసుకెళ్దాం అన్నారు. ఆయన ఆఫీసుకి వెళ్లాక నేను మూత తీసి, ర్యామ్ బయటికి లాగి, ఆ బంగారు గీతల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ పెట్టాను. పక్కింటి అన్నయ్య చేస్తుంటే ఒకసారి చూశాను, అంతే. పనిచేసింది. సాయంత్రం నాన్న చూసి చాలా సంతోషపడ్డారు. రాత్రి బాబాయికి ఫోన్ చేసి, "మావాడు కంప్యూటర్ బాగు చేసేశాడ్రా" అన్నారు.

నేను వంటింట్లో ఉన్నాను. నాకు వినపడింది. తమ్ముడు "నేను కాదు నాన్నా, అక్క" అని అరిచాడు. నాన్న నవ్వి, ఫోన్‌లో ఆ మాట దిద్దలేదు.

మా నాన్న చెడ్డవారు కాదు. అప్పు చేసి నన్ను ఇంజనీరింగ్ చదివించారు. కానీ పదకొండేళ్లైంది, ఆ ఫోన్ మాట ఇవాళ షాపులో మళ్లీ వినపడింది. నాన్నకి ఎలాగైతే కనపడలేదో, కౌంటర్ అవతల ఉన్న అతనికి కూడా నేను కనపడలేదు. నేను ఏ రంగు లిప్‌స్టిక్ అడిగినా ఎవరూ తమ్ముడి వైపు చూడరు. 4070 అనగానే చూస్తారు. ఎక్కడికెళ్లినా "మీ తమ్ముడికా మేడమ్?", "ఆఫీసు పనికా మేడమ్?", "గేమింగా... మీరా?" ఆ డబ్బాని చూసి ఇంత చిన్నదానిలో ఏముంటుందిలే అనుకున్న చూపూ, నన్ను చూసి ఈమెకేం తెలుసులే అనుకున్న చూపూ ఒకటే. ఇది చదివే అమ్మాయిల్లో చాలామందికి ఈ అనుభవం ఉందని నాకు తెలుసు, మెసేజుల్లో చెప్తూనే ఉంటారు.

ఇంతకీ సమస్య ఏంటో చెప్పలేదు కదా. రూమ్‌కొచ్చాక హెచ్‌డీఎంఐ వైరుని కార్డు నుంచి తీసి బోర్డుకి పెట్టాను. 7800ఎక్స్3డీ లోపలే చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది. బొమ్మ వచ్చేసింది. సప్లై బంగారంలా ఉంది. బయోస్‌లోకి, అంటే బోర్డు సొంత మెనూలోకి వెళ్తే నేను మార్చి పెట్టుకున్న సెట్టింగులన్నీ మొదటికొచ్చి ఉన్నాయి. కరెంటు పోయి వచ్చే గోలలో అలా అయ్యుంటుంది. ఈ కేసుతో వచ్చిన రైజర్ పాతది, జెన్ 3 కాలంది (జెన్ అంటే కార్డు, బోర్డు మాట్లాడుకునే వేగం ఏ తరానిదో చెప్పే అంకె). కార్డు జెన్ 4. ఆ వేగం సెట్టింగు ఆటోలో ఉంటే కార్డు జెన్ 4 వేగంతో మాట్లాడాలని చూస్తుంది, పాత కేబుల్ ఆ సిగ్నల్‌ని మోయలేదు, స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. దాన్ని జెన్ 3కి మార్చి సేవ్ కొట్టాను. వేగంలో తేడా ఒకటి రెండు శాతం, ఆడేటప్పుడు తెలియను కూడా తెలియదు. నేను అడిగినట్టు ఆ కేబుల్ తీసి, కార్డు నేరుగా బోర్డుకి పెట్టి ఉంటే అక్కడే, ఆ కౌంటర్ మీదే తేలిపోయేది. అతని మాట నమ్మి ఉంటే మంచి కార్డుని పక్కన పడేసి, యాభై వేలు పైగా పెట్టి ఇంకోటి కొని, పాత కేబుల్‌తోనే మళ్లీ నల్ల స్క్రీన్ చూస్తూ కూర్చునేదాన్ని.

ఇక ఆ బిల్లు. డబ్బులు నా ఫోన్ నుంచి కట్టాను. మెషీన్ నాది. ఫోన్ నంబర్ నాది ఇచ్చాను. పేరు మాత్రం అతను తమ్ముడిని అడిగి, తమ్ముడిది రాశాడు. ఆ కోపంలో అక్కడ నేను గమనించలేదు, రూమ్‌కొచ్చాకే చూశాను. "సర్వీస్ ఛార్జీ 800. గ్రాఫిక్ కార్డు డెడ్." పైన మా తమ్ముడి పేరు, ముందర శ్రీ.

రేపు మళ్లీ వెళ్తున్నాను. కంప్యూటర్ తీసుకెళ్లి అదే కౌంటర్ మీద ఆన్ చేసి చూపిస్తాను, ఎనిమిది వందలు వెనక్కి అడుగుతాను. ఇవ్వకపోతే కనీసం బిల్లు మీద పేరు మార్చి రాయించుకునే వస్తాను. తమ్ముడు వస్తానన్నాడు, వద్దన్నాను.

ఈ కేసుకి సరిపోయే పొట్టి జెన్ 4 రైజర్ హైదరాబాద్‌లో ఎవరి దగ్గరైనా ఉంటే కామెంట్లో చెప్పండి. సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు, పనిచేస్తే చాలు.