మేఘం మీదే నెపమా?

సముద్రం మీద విమానం కూలిందనగానే, ఆ దారిలో ఉరుముల మేఘాలు ఉన్నాయని తెలిస్తే, కారణం దొరికిపోయిందన్న తృప్తి మనకు తొందరగా కలుగుతుంది. రియో డి జనీరో నుంచి పారిస్‌కు బయల్దేరిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం 2009 జూన్ 1న 228 మందితో అట్లాంటిక్‌లో మునిగినప్పుడు తొలి మాట వాతావరణం గురించే వచ్చింది. అయితే అదే రాత్రి ఆ ప్రాంతం గుండా వెళ్లిన ఇతర విమానాలు మేఘాలను చుట్టుకుని క్షేమంగానే దాటాయి.

దాదాపు 3,900 మీటర్ల లోతు నుంచి 2011లో పైకి తీసిన బ్లాక్ బాక్సులు చెప్పిన కథ వేరు. 35 వేల అడుగుల ఎత్తున వేగాన్ని కొలిచే పీటో గొట్టాల్లో మంచు స్ఫటికాలు అడ్డుపడ్డాయి, వేగం లెక్క తప్పింది, ఆటోపైలట్ తప్పుకుంది. ఆ లోపం నిలిచింది ఒక్క నిమిషం లోపే. ఆ కాసేపట్లోనే నడుపుతున్న కోపైలట్ విమానం ముక్కును పైకెత్తాడు. 38 వేల అడుగుల దాకా ఎగబాకిన విమానం వేగం కోల్పోయి, రెక్కలకు ఆధారమైన గాలి పట్టు తప్పి, ఇంజిన్లు పనిచేస్తుండగానే సముద్రంలో పడిపోయింది. ఆటోపైలట్ తప్పుకున్నప్పటి నుంచి నీటిని తాకేదాకా పట్టింది నాలుగు నిమిషాల ఇరవైమూడు సెకన్లు.

దీన్ని పైలట్ తప్పు అనేసి ఫైలు మూయడం కూడా మేఘం మీద నెపం వేయడం లాంటిదే. రెక్కలు ఇలా గాలి పట్టు తప్పడాన్నే స్టాల్ అంటారు. దాని గురించి పైలట్లకు వినిపించే హెచ్చరిక తీరు చూడండి: కొలిచిన వేగం 60 నాట్ల కన్నా తగ్గితే గాలికి ఎదురుగా రెక్క కోణం లెక్కను కంప్యూటర్ నమ్మదు, హెచ్చరిక ఆగిపోతుంది. అంటే ప్రమాదం ముదిరినప్పుడు యంత్రం నోరు మూసుకుంది. ముక్కు దించి సరైన పని చేయబోతే మళ్లీ అరిచింది. చీకట్లో, దిగంతం కనిపించని చోట, ఆ అరుపును ఎవరు ఎలా అర్థం చేసుకోవాలి? పైగా ఎయిర్‌బస్ సంస్థ తయారుచేసిన ఈ విమానంలో ఇద్దరు పైలట్లు చేత్తో నడిపే సైడ్‌స్టిక్‌లు కలిసి కదలవు కాబట్టి, పక్కవాడు దాన్ని వెనక్కి లాగుతున్నాడో లేదో రెండోవాడికి చేతిలో తెలియదు. విశ్రాంతి నుంచి తిరిగొచ్చిన కెప్టెన్‌కూ పరిస్థితి అంతుపట్టలేదు.

ఎయిర్‌బస్, ఎయిర్ ఫ్రాన్స్ సంస్థలను 2023 ఏప్రిల్‌లో పారిస్ కోర్టు నిర్దోషులుగా తేల్చింది. ఆ తీర్పుపై అప్పీలు కూడా వెళ్లింది. ఫ్రెంచ్ దర్యాప్తు సంస్థ బీఈఏ 2012 జూలైలో ఇచ్చిన తుది నివేదిక మాత్రం నేరం ఎవరిదన్న చర్చలోకి దిగకుండా, గాలికి ఎదురుగా రెక్క ఎంత కోణంలో ఉందో చూపే పరికరాన్ని పైలట్ల కళ్ల ముందు ఉంచే విషయం పరిశీలించాలనీ, ఎక్కువ ఎత్తులో విమానాన్ని చేత్తో నడపడంలో వారికి శిక్షణ ఇవ్వాలనీ కోరింది.