ఢిల్లీలో రూమ్‌కి ‘స్టేషన్ పక్కనే’ అన్న లెక్క పనికిరాదు

సెలవులొస్తే చాలు, మనవాళ్ల గ్రూపుల్లో ఇదే ప్రశ్న: "ఫ్యామిలీతో మొదటిసారి ఢిల్లీ వెళ్తున్నాం, రూమ్ ఎక్కడ తీసుకోవాలి?" దానికి వరసపెట్టి ఒకటే జవాబు: "పహాడ్‌గంజ్‌లో తీసుకోండి, స్టేషన్ పక్కనే, చవక."

స్టేషన్ ఎదురుగా లాడ్జి తీసుకుని, స్నానం చేసి, పని చూసుకుని సాయంత్రం బండెక్కడం విజయవాడలోనో తిరుపతిలోనో బాగానే నడుస్తుంది. ఢిల్లీలో మాత్రం మీకు స్టేషన్‌తో పని రెండుసార్లే, దిగిన రోజూ ఎక్కే రోజూ. మధ్యలో ఉన్న నాలుగు రోజులూ పని మెట్రోతో. రెండుసార్ల సౌకర్యం చూసుకుని నాలుగు రోజులు అగచాట్లు పడటం ఏం లెక్కండీ?

పోనీ, స్టేషన్‌కి దగ్గరన్న మాటైనా నిజమా అంటే, అదీ సగమే. న్యూఢిల్లీ స్టేషన్‌కి రెండు ముఖాలున్నాయి. ఒకటో ప్లాట్‌ఫారం వైపు పహాడ్‌గంజ్, పదహారో ప్లాట్‌ఫారం వైపు అజ్మేరీ గేట్. ఎల్లో లైన్ మెట్రో, ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో రెండూ అజ్మేరీ గేట్ వైపే. అంటే పహాడ్‌గంజ్‌లో గది తీసుకున్నవాళ్లు ఆ మెట్రో ఎక్కాలంటే స్టేషన్ మొత్తం దాటి అవతలికి వెళ్లాలి. పహాడ్‌గంజ్ ముఖ్య వీధి మెయిన్ బజార్ అవతలి కొస నుంచైతే బ్లూ లైన్‌లోని ఆర్‌కే ఆశ్రమ్ మార్గ్ స్టేషనే నయం. ఈ ముక్క "పక్కనే" అని చెప్పేవాళ్లెవరూ చెప్పరు.

ఇక గదులు. పహాడ్‌గంజ్‌లోనూ, దాని పక్కన ఆరాకషాన్ రోడ్‌లోనూ స్థలాలు వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. మూడు పక్కలా గోడకి గోడ ఆనుకుని ఉంటుంది. కాబట్టి వీధి వైపు గదులకి తప్ప మిగతా వాటిలో చాలావాటికి గాలి వచ్చే దారే లేదు. ఫొటోలో కర్టెన్ కనిపిస్తుంది, దాన్ని తీస్తే కారిడార్ ఉంటుంది, లేకపోతే ఉత్త గోడ. బుక్ చేసే ముందు హోటల్‌కి ఫోన్ చేసి "బాహర్ ఖుల్‌నేవాలీ ఖిడ్కీ హై క్యా?" (బయటికి తెరుచుకునే కిటికీ ఉందా?) అని ఇదే మాటల్లో అడగండి. ఉత్తినే "ఖిడ్కీ హై?" అంటే "హై జీ" అనేస్తారు. కారిడార్‌లోకి తెరుచుకునేదీ కిటికీయేగా మరి!

ఇదేదో వెలుతురు గురించి చాదస్తం అనుకోకండి. 2019 ఫిబ్రవరిలో కరోల్ బాగ్‌లో ఒక హోటల్ తెల్లవారుజామున తగలబడి 17 మంది చనిపోయారు. కారిడార్లలో చెక్క పనితనం ఉండటంతో మంటలు తొందరగా పాకాయి. అద్దాలు బిగించి, ఏసీ పెట్టి, లోపలంతా ప్లైవుడ్‌తో మెరిపించిన మధ్యరకం హోటళ్లు ఢిల్లీ అంతటా ఉన్నాయి. గదిలోకి వెళ్లగానే మంచం మెత్తగా ఉందా లేదా తర్వాత చూసుకోవచ్చు. ముందు మెట్లు ఎక్కడున్నాయి, రెండో మెట్ల దారి ఉందా, దాని తలుపుకి తాళం వేసుందా, అక్కడ పరుపులూ బకెట్లూ పేర్చారా చూడండి. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే రెండో అంతస్తు దాటి గది తీసుకోవద్దు. లిఫ్ట్ ఉన్నా సరే.

మరి ఎక్కడ? నన్నడిగితే కుటుంబంతో మొదటిసారి వెళ్లేవాళ్లకి లాజ్‌పత్ నగర్. మ్యాప్ తెరిచి చూడండి, అక్కడ పింక్ లైన్, వయొలెట్ లైన్ రెండూ కలుస్తాయి. వయొలెట్ ఎక్కితే ఎర్రకోటకి లైను మారే పనే లేదు, పదో స్టేషన్‌లో దిగడమే. దానికి ముందు స్టేషన్ జామా మసీదు. అదే లైన్‌లో అటువైపు వెళ్తే నాలుగో స్టేషన్ కాల్కాజీ మందిర్, లోటస్ టెంపుల్ అక్కడే. పింక్‌లో మూడో స్టేషన్ సరోజినీ నగర్, ఇంట్లోవాళ్లు బట్టల కోసం ఎలాగూ అక్కడికే లాగుతారు. అక్షర్‌ధామ్‌కి మండీ హౌస్‌లో ఒక్కసారి మారితే చాలు. మూడో రోజుకి రోటీ మొహం మొత్తి పప్పు, పచ్చడి, అన్నం మీదికి గాలి మళ్లుతుంది కదా, అశోకా రోడ్‌లోని ఏపీ భవన్ క్యాంటీన్‌కి జన్‌పథ్ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కండి.

సికింద్రాబాద్ నుంచి రాజధానిలో వచ్చేవాళ్లకి, దక్షిణ్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్లకి, విశాఖ నుంచి సమతలో వచ్చేవాళ్లకి ఇంకో లాభం ఉంది. ఆ బళ్లు ఆగేది హజ్రత్ నిజాముద్దీన్‌లో. అక్కడి నుంచి పింక్ లైన్‌లో లాజ్‌పత్ నగర్ మూడో స్టేషన్. పహాడ్‌గంజ్‌లో గది తీసుకున్నవాళ్లు నిజాముద్దీన్‌లో దిగి ఊరు దాటి వెళ్తుంటారు, "స్టేషన్‌కి దగ్గర" అనుకుంటూనే! ఆగ్రాకి పొద్దున్నే వెళ్లే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ కూడా నిజాముద్దీన్ నుంచే. శుక్రవారం అది నడవదు, తాజ్‌మహల్‌కి ఆ రోజు సెలవు. ఎర్రకోట, అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్ మూడింటికీ సోమవారం సెలవు. రోజులు ఇది చూసుకునే వేసుకోండి.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లోనో ఏపీ ఎక్స్‌ప్రెస్‌లోనో న్యూఢిల్లీలో దిగేవాళ్లకి గ్రీన్ పార్క్ ఏరియా కూడా మంచిదే. అజ్మేరీ గేట్ వైపు దిగి ఎల్లో లైన్ ఎక్కితే మారకుండా చేరిపోతారు. ఎయిమ్స్‌లో చూపించుకోవడానికి వెళ్లేవాళ్లు మాత్రం వేరే ఆలోచనే పెట్టుకోవద్దు. గ్రీన్ పార్క్, యూసుఫ్ సరాయ్, గౌతమ్ నగర్, ఈ మూడింటిలోనే వెతకండి. ఓపీకి తెల్లవారకముందే లైన్లో ఉండాల్సి వస్తుంది, ఆ వేళకి మెట్రో మొదలవదు. అందుకే నడిచి వెళ్లే దూరం కావాలి.

విమానం దిగేవాళ్లని మహిపాల్‌పూర్ ఊరిస్తుంది, రేటు తక్కువ, ఎయిర్‌పోర్ట్ దగ్గర. తెల్లవారుజామున విమానం ఉంటే ఒక్క రాత్రికి సరే. ఊరు చూడటానికి అక్కడ గది తీసుకుంటే మాత్రం నడిచే దూరంలో మెట్రో ఉండదు, రోజూ హైవే ట్రాఫిక్‌లో పడి సగం పూట కారులోనే గడుస్తుంది.

ఏ ఏరియా అయినా సరే, హోటల్ పేరు పక్కన "నియర్ మెట్రో" అని రాసుకున్నది నమ్మొద్దు. మ్యాప్‌లో హోటల్ నుంచి మెట్రో గేటు దాకా నడక దారి పెట్టి చూడండి. స్టేషన్ పేరుకి కాదు, గేటు నంబరుకి. పెద్ద రోడ్డుకి ఇటు గేటు ఉందా అటు ఉందా అన్నదానికే పది నిమిషాలు తేడా వస్తుంది. 500 మీటర్లు దాటితే వదిలేయండి. మే నెల ఎండలో ఆ నడక మామూలుది కాదు. రివ్యూలు కొత్తవి ముందు వచ్చేలా పెట్టి, ఒక్క స్టార్ ఇచ్చినవే చదవండి. "స్టాఫ్ రూడ్" అని రాసినవి పట్టించుకోనక్కర్లేదు, "వేడినీళ్లు రాలేదు", "బుకింగ్ లేదన్నారు" అన్నవి మూడుసార్లు కనిపిస్తే ఇంకోటి చూసుకోండి. డిసెంబరు, జనవరిలో గీజర్ గదిలోనే ఉందా, వేళలున్నాయా అడగాలి.

యాప్‌లో బుక్ చేశాక హోటల్‌కి నేరుగా ఫోన్ చేసి పేరు, తేదీ, ఎంతమంది, మొత్తం ఎంత అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి. ఇద్దరి గదిలో మూడోవాళ్లకి ఎక్స్‌ట్రా బెడ్ అంటే చాలాచోట్ల నేల మీద పరుపే. పన్ను కలిపారో లేదో అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల లోపు గదికి జీఎస్టీ 5 శాతమే, పాత 12 శాతం వేసి బిల్లు ఇస్తే నిలదీయొచ్చు. అమెరికాలో పుట్టిన పిల్లలు వెంట ఉంటే విదేశీ పాస్‌పోర్టు ఉందని ముందే చెప్పాలి. వాళ్ల వివరాలు హోటల్ ప్రభుత్వానికి పంపాలి, చిన్న లాడ్జీలు ఆ తలనొప్పి ఎందుకని రాత్రి పదకొండుకి గుమ్మంలోంచే పంపేస్తాయి.

న్యూఢిల్లీ స్టేషన్ బయట మెడలో కార్డు వేసుకుని ఎవరైనా వచ్చి "మీ హోటల్ మూసేశారు, ఆ రోడ్డు బంద్" అంటే ఆగకుండా నడవండి. "కావాలంటే ఫోన్ చేసి అడగండి" అని తనే నంబరు నొక్కి ఇస్తాడు. అవతల మాట్లాడేది వాడి మనిషే. తర్వాత "గవర్నమెంట్ టూరిస్ట్ ఆఫీస్" అని ఒక ట్రావెల్ ఏజెంటు కొట్టుకి తీసుకెళ్లి రెండింతల రేటుకి గది అంటగడతారు. మీ దగ్గర రాసుకున్న నంబరుకి, మీ ఫోన్ నుంచే చేయండి. ఆటోవాడు చూపించిన హోటల్‌కి వెళ్లినా అంతే, వాడి కమిషన్ మీ అద్దెలోనే ఉంటుంది.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్ దిగేది పొద్దున్నే, హోటళ్లలో చెక్-ఇన్ మధ్యాహ్నం పన్నెండుకి. ముందు రోజే ఫోన్ చేసి తొందరగా ఇస్తారా, ఎంత తీసుకుంటారు అడగండి. ఒక పూట అద్దె అడిగితే ఇవ్వొద్దు. స్టేషన్ క్లోక్‌రూమ్‌లో సామాను పెట్టుకోవచ్చు, తాళం వేసిన బ్యాగులే తీసుకుంటారు, టికెట్ చూపించాలి. పీఎన్‌ఆర్‌తో ఐఆర్‌సీటీసీలో రిటైరింగ్ రూమ్ దొరికితే అక్కడే స్నానాలు కానిచ్చి బయల్దేరండి. పహాడ్‌గంజ్‌లో చేసే పని అదొక్కటే అయితే, దానికి గదెందుకు?