ఓఎస్ మార్చే ముందు ప్రింటరును అడగండి

"అన్నా, దీంట్ల పదకొండు పడ్తదా?" హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల కంప్యూటర్ రిపేరు షాపుల్లో పాత ల్యాప్‌టాప్‌ను కౌంటరు మీద పెట్టి, విండోస్ 11 ఎక్కుతుందా అని అడిగే మాట ఇది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది కాబట్టి అడగడంలో తప్పు లేదు. జవాబులతోనే చిక్కు. ఒకరు ఎలాగోలా ఎక్కించి చేతిలో పెడతారు. ఇంకొకరు ఇది పనికిరాదు, కొత్తది తీసుకోమంటారు. ఈ మిషన్‌కు ఏ ప్రింటరు తగిలిస్తారు, వేలిముద్ర పరికరం ఉందా, తెలుగు ఏ ఫాంట్లో కొడతారు అని అడిగేవాళ్లు తక్కువ. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) ఉండాలో తేల్చేవి మాత్రం అవే.

ముందు మిషన్ సంగతి. విండోస్ 11కి 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, యూఈఎఫ్ఐ (మిషన్‌ను మొదలుపెట్టే కొత్త తరహా ప్రోగ్రాం), సెక్యూర్ బూట్ (నమ్మదగిన ఓఎస్‌నే మొదలవనిచ్చే ఏర్పాటు), టీపీఎం 2.0 (రహస్య కీలు దాచే చిప్) కావాలి. వీటికంటే గట్టిగా అడ్డుపడేది ప్రాసెసర్ జాబితా. ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచి, ఏఎండీ రైజెన్ ల్యాప్‌టాప్‌లలో దాదాపుగా 3000 సిరీస్ నుంచే అందులో చోటు. తరం తెలుసుకోవడం తేలిక: ఐ5-6300యూ అంటే 6వ తరం, ఐ5-7300యూ అంటే 7వది, ఐ5-8250యూ అంటే 8వది. ఈ గీతను మైక్రోసాఫ్ట్ ఊరికే గీసిందని తిట్టుకునేవారున్నారు. అందులో కొంత న్యాయం ఉన్నా, కొనేవాడి లెక్కలో మాత్రం ఈ గీతకు విలువ ఉంది. 7వ తరం యూ రకం ఐ5లో రెండే కోర్లు. 8వ తరంలో నాలుగయ్యాయి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీ నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లలో థింక్‌ప్యాడ్ టీ480, లాటిట్యూడ్ 7490 లాంటి మోడళ్లు రెండు తరాల ప్రాసెసర్లతోనూ ఉంటాయి. మోడల్ పేరు చూసి డబ్బులివ్వకుండా టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ పేజీలో ప్రాసెసర్ నంబరు చదవాలి.

ఆ నంబరు చూడకపోతే దొరకని మోసం ఇంకొకటుంది. రూఫస్ అనే చిన్న ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్ తయారు చేసేటప్పుడు టీపీఎం, ప్రాసెసర్ తనిఖీలను దాటవేసే వీలుంది. దాంతో 6వ తరం మిషన్‌లోనూ విండోస్ 11 ఎక్కుతుంది, బాగానే నడుస్తుంది, నెలనెలా వచ్చే ప్యాచ్‌లు కూడా చాలావరకు వస్తాయి. ఏడాదికొకసారి వచ్చే పెద్ద వెర్షన్ మాత్రం దానంతట అది రాదు. మళ్లీ పెన్‌డ్రైవ్, మళ్లీ షాపు. పైగా ఇలాంటి మిషన్లకు అప్‌డేట్ల హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పేసింది. తెలిసి వాడుకుంటే ఫరవాలేదు గానీ, "విండోస్ 11 ల్యాప్‌టాప్" అని ధర పెంచి అమ్మడం మాత్రం అన్యాయం. యాక్టివేషన్ కూడా చూసుకోవాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్ఎల్ఎంజీఆర్, ఒక స్పేసు, స్లాష్ ఎక్స్‌పీఆర్ అని కొడితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. ఇల్లు, చిన్న షాపు కోసం అమ్మిన మిషన్‌లో "పర్మనెంట్" అని రాకుండా 180 రోజుల్లోపు గడువు తేదీ కనిపిస్తే, కంపెనీల కోసం ఉద్దేశించిన వాల్యూమ్ పద్ధతిని దొడ్డిదారిన వాడారని అనుమానించాలి.

విండోస్ 10 మీదే ఉన్నవారు కంగారు పడి ఈ వారమే ఏదో ఒకటి చేసెయ్యాల్సిన పని లేదు. 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకునే పథకం ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులను సింక్ చేస్తే డబ్బు కట్టనక్కర్లేదు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు లింకు కనిపిస్తుంది. కనిపించకపోతే వెర్షన్ 22హెచ్2 కాదేమో చూసుకోవాలి.

ఇక "స్లో" అన్న ఫిర్యాదు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ దగ్గర 100 శాతం అని ఎర్రగా నిలబడి, ప్రాసెసర్ పది పదిహేను శాతం దగ్గర తిరుగుతుంటే నేరం ఓఎస్‌ది కాదు, తిరిగే హార్డ్ డిస్క్‌ది. దాన్ని తీసి 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) వేస్తే ఆ పాత విండోసే లేచి కూర్చుంటుంది. తీసే ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంతో డిస్క్ ఆరోగ్యం చూడాలి. పసుపు రంగులో "కాషన్" అని వస్తే క్లోనింగ్ (డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టుగా కొత్తదానికి ఎక్కించడం) మొదలుపెట్టకుండా ముందు ఫొటోలు, పత్రాలు కాపీ చేసుకోవాలి. చెడిపోతున్న డిస్క్ క్లోనింగ్ మధ్యలోనే ప్రాణం వదిలేస్తుంది. ర్యామ్ 4 జీబీయే ఉంటే 8కి పెంచడం రెండో పని. 4వ తరం ల్యాప్‌టాప్‌లు డీడీఆర్3ఎల్ తీసుకుంటాయి, 6వ తరం తర్వాతివి ఎక్కువగా డీడీఆర్4. ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి కూర్చోదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి రెండింటికీ డబ్బు చాలకపోతే ముందు ఎస్ఎస్‌డీకే పెట్టాలి. గోదావరిఖని, భూపాలపల్లి లాంటి బొగ్గు ఊళ్లలో మూడో పని కూడా ఉంది: ఫ్యాన్ విప్పి, హీట్ సింక్ రెక్కల మధ్య పేరుకున్న నల్లటి దుమ్ము తీసి, థర్మల్ పేస్ట్ మార్చడం. మే నెలలో ప్రాసెసర్ 95 డిగ్రీలు దాటి తన వేగం తానే తగ్గించుకుంటుంటే ఏ ఓఎస్ వేసినా అంతే.

విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే ఓఎస్ లినక్స్‌ను చూద్దామనుకునేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది, దాన్ని మనవాళ్లు సరిగా వాడుకోవడం లేదు. డిస్క్ మీద ఏమీ రాయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ ఫైలు సుమారు 3 జీబీ ఉంటుంది. రూఫస్‌తోగానీ బలేనా ఎచ్చర్‌తోగానీ రాయాలి. మామూలుగా కాపీ పేస్ట్ చేస్తే బూట్ కాదు. బూట్ మెనూకి డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయకపోతే బయోస్‌లోకి (ఓఎస్ కంటే ముందు తెరుచుకునే మిషన్ సెట్టింగుల్లోకి) వెళ్లి ఆ మెనూను ముందు ఆన్ చేయాలి.

తెర మీదికి వచ్చాక చాలామంది వాల్‌పేపర్ చూసి, ఫైర్‌ఫాక్స్ తెరిచి, కొంచెం నెమ్మదిగా ఉందని మూసేస్తారు. పెన్‌డ్రైవ్ నుంచి నడిచేటప్పుడు వేగం చూడటంలో అర్థమే లేదు. చూడాల్సినవి వేరే. వైఫై దొరుకుతోందా? పాత డెల్, హెచ్‌పీలలో బ్రాడ్‌కామ్ చిప్ ఉంటే మొదట దొరకదు. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, డ్రైవర్ మేనేజర్ తెరిస్తే చాలాసార్లు అదే పరిష్కారం చూపిస్తుంది. మూత మూసి రెండు నిమిషాలాగి తెరిస్తే తెర వెలుగుతోందా? ఇది ముఖ్యం, ఎందుకంటే ఇన్‌స్టాల్ చేశాక ఎక్కువ విసిగించేది ఇదే. బ్రైట్‌నెస్ బటన్లు, మైకు, కెమెరా, హెడ్‌ఫోన్ పెడితే స్పీకరు ఆగడం, ఇవన్నీ అరగంట పని. చివరిగా ప్రింటరు తగిలించాలి.

ఇక్కడే కథ అడ్డం తిరుగుతుంది. మన జిరాక్స్ సెంటర్లలో, ఇంటర్నెట్ షాపుల్లో ఏళ్ల తరబడి రాజ్యమేలుతున్నది కెనాన్ ఎల్‌బీపీ 2900. గట్టి మిషన్, టోనర్ చవక, రీఫిల్ చేసేవాళ్లు వీధికొకరు. కానీ అది పేజీని తనంతట తాను గీసుకోలేదు. కెనాన్ సొంత క్యాప్ట్ పద్ధతిలో పేజీ మొత్తాన్ని చుక్కలుగా మార్చే పని కంప్యూటరే చేసి పంపాలి. అంటే ఆ డ్రైవరు లేకపోతే ప్రింటరు ఒట్టి డబ్బా. లినక్స్ కోసం కెనాన్ ఇచ్చిన డ్రైవరు పాతబడిపోయింది. 32 బిట్ లైబ్రరీలు అడుగుతుంది, వెనకాల నడవాల్సిన సర్వీసు ఆగిపోతే పేజీలు క్యూలో నిలబడిపోతాయి. కౌంటరు ముందు నలుగురు నిలబడి ఉండగా టెర్మినల్ తెరిచి సర్వీసు మళ్లీ మొదలుపెట్టే ఓపిక ఏ షాపు యజమానికీ ఉండదు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 పరిస్థితి మెరుగు: హెచ్‌పీలిప్ అనే ప్యాకేజీతో పాటు అది అడిగే ప్లగిన్ కూడా ఒకసారి దించుకుంటే నడుస్తుంది. ప్లగిన్ మర్చిపోతే ప్రింటరు కనిపిస్తుంది, పేజీ రాదు. ఎప్సన్ ఎల్ సిరీస్ ఇంకు ట్యాంకులతో లినక్స్‌కు పెద్దగా పేచీ లేదు.

మీసేవ, ఆధార్ చెల్లింపుల కేంద్రాల సంగతి ఇంకా సూటిగా తేలిపోతుంది. వేలిముద్ర పరికరం వెనకాల నడిచే ఆర్‌డీ సర్వీసును తయారీదారులు ప్రధానంగా విండోస్‌కూ ఆండ్రాయిడ్‌కూ ఇస్తున్నారు. టాలీ ప్రైమ్ విండోస్ ప్రోగ్రామే. ఎనుమాముల మార్కెట్లో అడ్తి లెక్కలు టాలీలో రాసుకునేవారికి లినక్స్ గొప్పదనం గురించి ఉపన్యాసం ఇవ్వడం వల్ల ప్రయోజనం లేదు. వాళ్లకు 8వ తరం మిషన్ కొనమనడమే సరైన సలహా.

డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే) షాపుల చిక్కు వేరు, లోతైనది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు ఇప్పటికీ చాలాచోట్ల అనూ ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 ప్రోగ్రాం మీదే వస్తున్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దానికి యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) తెలుగు తెలియదు. అనూ ఫాంట్ ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చోబెడుతుంది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. విండోస్ ప్రోగ్రాంలను నడిపే వైన్ ద్వారా లినక్స్‌లో పేజ్‌మేకర్ తెరిపించగలిగినా, అనూ కీబోర్డు మేనేజర్‌ను నమ్ముకుని రేపు ఉదయానికి ఇస్తామని మాటివ్వలేం. యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, మార్చాక "స్త్రీ", "రాష్ట్రం", "లక్ష్మి" లాంటి జంట ఒత్తుల దగ్గర కళ్లు పెట్టి ప్రూఫ్ చూడాల్సిందే.

అలాగని డీటీపీవాళ్లు ఇక్కడే ఆగిపోవాలనీ కాదు. అనూలో యాపిల్ కీబోర్డుకు అలవాటుపడ్డ వేళ్లకు లినక్స్‌లోనూ దారి ఉంది: టైపింగ్ పద్ధతులు మార్చే ఐబస్‌తో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే తెలుగు యాపిల్ లేఅవుట్ ఎంపిక కనిపిస్తుంది, టైపు చేసింది యూనికోడ్‌లో పడుతుంది. లిబ్రెఆఫీస్ తెలుగును చక్కగా చూపిస్తుంది. పేజీలు కూర్చే స్క్రైబస్ 2024లో వచ్చిన 1.6 వెర్షన్ నుంచి ఒత్తులను సరిగ్గా కూర్చుతోంది. కొత్త పనులు యూనికోడ్‌లో మొదలుపెట్టి, పాత ఫైళ్ల కోసం ఒక విండోస్ మిషన్ అట్టిపెట్టుకోవడం తెలివైన పద్ధతి.

ఇంజినీరింగ్ విద్యార్థులకు లినక్స్ అవసరమే, కానీ విండోస్ తుడిచెయ్యొద్దు. ప్లేస్‌మెంట్ల కాలంలో ఆన్‌లైన్ పరీక్షల కోసం దించమనే లాక్‌డౌన్ బ్రౌజర్లు చాలావరకు లినక్స్‌ను ఒప్పుకోవు. కోడింగ్ వరకే అయితే విండోస్‌లోనే డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) వేసుకుంటే సరిపోతుంది. రెండూ పక్కపక్కనే పెట్టుకోవాలంటే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఏర్పాటు) చూడాలి. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయిపోయి ఉంటుంది. బూట్ సెట్టింగులు కదిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఖాతాలో ఉంటుంది కాబట్టి ముందే తీసి కాగితం మీద రాసుకోవాలి. తర్వాత విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్ నుంచే 50, 60 జీబీ ఖాళీ చేసి, ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో ఏమీ రాయనివ్వదు. ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించకపోతే బయోస్‌లో స్టోరేజీ రెయిడ్ మోడ్‌లో ఉందేమో చూడాలి. దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి ఒక్కసారిగా మారిస్తే విండోస్ నీలితెర వేస్తుంది. ముందు సేఫ్ మోడ్ పెట్టుకుని మార్చాలి. అన్నీ సరిగ్గా కుదిరాక విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు తప్పు చూపిస్తే భయం లేదు. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ అంతర్జాతీయ సమయం రాస్తే, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. లోకల్ టైమ్ వాడమని లినక్స్‌కు ఒక కమాండ్‌తో చెబితే సరి.

మిగిలింది మామూలు ఇల్లు. యూట్యూబ్, వాట్సాప్ వెబ్, కరెంటు బిల్లు, పిల్లల ప్రాజెక్టు, అప్పుడప్పుడు ఒక రెజ్యూమె. 6వ తరం మిషన్, ఎస్ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉన్న ఇలాంటి ఇంటికి లినక్స్ మింట్ వెయ్యమని ధైర్యంగా చెప్పొచ్చు. మెనూ కింద ఎడమ మూలన ఉంటుంది, కళ్లకు కొత్తగా ఉండదు. మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. పాత మిషన్లకు గూగుల్ ఇచ్చే క్రోమ్ఓఎస్ ఫ్లెక్స్ ఇంకా తేలిక, కానీ అందులో ప్లే స్టోర్ లేదు; ఫోన్ యాప్‌లన్నీ వస్తాయని ఆశపడి వేసుకుంటే నిరాశే. మామూలు జనానికి లినక్స్ ఎక్కడ వస్తుందిలే అనేవారు కేరళ వైపు చూడాలి. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్లుగా ఉబుంటు ఆధారిత లినక్సే నడుస్తోంది. పాఠాలు దానిమీదే రాశారు, టీచర్లకు శిక్షణ దానిమీదే ఇచ్చారు. మన దగ్గర ఒక్కో ఇల్లూ ఒంటరిగా ప్రయత్నించాలి కాబట్టి మొదటి నెలలో ఫోన్ చేస్తే పలికే మనిషి ఒకరు కావాలి. రిపేరు షాపులకు ఇక్కడ పని ఉంది, డబ్బూ ఉంది: కౌంటరు మీద ఒక మింట్ పెన్‌డ్రైవ్ ఉంచుకుని, కస్టమర్‌ను ప్రింటరుతో సహా రమ్మని, అతని ముందే ఒక పేజీ తీసి చూపించి, ఆ తర్వాతే ఇన్‌స్టాలేషన్ చార్జీ చెప్పాలి.