ఎవరూ లెక్కపెట్టని మూడేళ్ళు

ఫిబ్రవరి వచ్చేసరికి ఇక్కడ అమెరికాలో మిడిల్ స్కూల్ పిల్లలు ఒక ఫారం ఇంటికి తెస్తారు. వచ్చే ఏడాదికి ఏ ఎలెక్టివ్, అంటే తమకి నచ్చి ఎంచుకునే క్లాసు, కావాలో టిక్కు పెట్టి, అమ్మానాన్నల సంతకంతో తిరిగి ఇవ్వాలి. బ్యాండ్, ఆర్కెస్ట్రా, కోరస్, ఆర్ట్, థియేటర్ ఇలా ఓ పది పేర్లుంటాయి. నాలుగేళ్ళ క్రితం మావాడు తెచ్చిన ఫారంలో బ్యాండ్ పక్కనున్న టిక్కు నేను కొట్టేసి, అదనపు లెక్కల క్లాసుకి పెట్టి సంతకం చేశాను. ఆ సంతకం గురించే ఇది రాస్తున్నాను.

అప్పటికి వాడు ఆరో తరగతి. ఆ ఏడాది మొదట్లో ఒక సాయంత్రం స్కూల్ జిమ్‌లో బ్యాండ్ వాద్యాలన్నీ బల్లలమీద పరిచి, పిల్లల్ని ఒక్కొక్కటీ ఊది చూడమన్నారు. వాడికి ఫ్లూట్ పలకలేదు. ట్రంపెట్ పలకలేదు. ట్రాంబోన్ మాత్రం మొదటి ఊపిరికే భోంమని పలికింది. ఇక వాడు ఆ బల్ల దగ్గరనుంచి కదిలితే ఒట్టు. నెలకి పాతిక డాలర్ల అద్దెకి తెచ్చాం. దానికి వేలితో నొక్కే మీటలుండవు. గొట్టాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ స్వరాన్ని చెవితో పట్టుకోవాలి. మొత్తం ఏడు స్థానాలు. చివరిదానికి వాడి చెయ్యి చాలేది కాదు. భుజం ముందుకు తోసి, వేళ్ళ కొసలతో గొట్టాన్ని అందుకునేవాడు. డిసెంబర్ కచేరీకి వచ్చిన స్వరాలు ఐదంటే ఐదు. ఆ రాత్రి కారెక్కిన దగ్గర్నుంచి ఇల్లు చేరేదాకా ఆ ఐదూ పాడుతూనే ఉన్నాడు.

అలాంటిదాన్ని ఎందుకు మాన్పించాను? తెలిసినవాళ్ళ పిల్లలు లెక్కల్లో ఏడాది ముందున్నారు, మావాడు వెనకబడిపోతాడేమోనని టెన్షన్. దానికి తోడు ఒక పెద్దాయన, "ట్రాంబోన్ మనకెందుకమ్మా, వయొలిన్ అయితే మన సంగీతానికైనా పనికొచ్చేది" అన్నారు. నిజమే అనుకున్నాను. వయొలిన్ మాత్రం మన ఊళ్ళో పుట్టిందా? విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వాయించి, పదిమందికీ నేర్పితే అది మన ఇంటి వాద్యమైంది. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ చిన్నతనంలో మాండలిన్ పట్టుకున్నప్పుడు కర్ణాటక కచేరీలో దానికి చోటెక్కడుంది? ఈ జవాబు ఆ రోజు నాకు తట్టలేదు.

ఎనిమిదో తరగతికి వచ్చాక మళ్ళీ బ్యాండ్‌లో చేరతావా అని నేనే అడిగాను. టీచర్ సంతోషంగా రమ్మన్నారు, వేసవిలో కొంత నేర్పిస్తానన్నారు కూడా. వాడే వద్దన్నాడు. పదకొండేళ్ళప్పుడు క్లాసంతా ఒకేసారి మొదలుపెడుతుంది, ఎవరు తప్పు ఊదినా ఎవరికీ పట్టదు. పదమూడేళ్ళకి తోటివాళ్ళు పాటలు వాయిస్తుంటే తను మొదటి స్వరం దగ్గర కూర్చోవడం పిల్లవాడికి ప్రాణం పోయినట్టుంటుంది. ఇక హైస్కూల్లో చాలాచోట్ల మంచి బ్యాండ్‌కి ఆడిషన్లు, ఆటల టీముకి ట్రైఅవుట్లనే ఎంపిక పరీక్షలు.

ఒకటి గమనించండి. ఇక్కడ కాలేజీలు చూసే మార్కులు తొమ్మిదో తరగతి నుంచి మొదలవుతాయి. ముందే తీసుకున్న ఆల్జీబ్రాలాంటి ఒకటి రెండు కోర్సులు పక్కన పెడితే, ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో పిల్లలు ఏం చేశారో ఎవరూ లెక్కపెట్టరు. ఓ ఏడాది మట్టితో కుండలు చేసి, అది తనకి పట్టుబడదని తెలుసుకుంటే పోయేదేమీ లేదు. నాటకంలో వేషం రాకపోతే తెర వెనక దీపాలు చూసుకోవచ్చు. బతుకులో మళ్ళీ దొరకని వెసులుబాటు ఇది. దాన్ని కూడా మనం కోచింగ్‌తో నింపేస్తున్నాం.

మన పిల్లలకి శనాదివారాలు కూచిపూడి ఉంది, సంగీతం ఉంది కదా అంటారు. ఉన్నాయి, ఉండాలి. మా అమ్మాయీ కూచిపూడి నేర్చుకుంటోంది. కానీ అక్కడ గురువుని ఎంచేదీ, ఫీజు కట్టేదీ, కారులో దింపేదీ మనమే. పక్కన నిలబడే పిల్లలు కూడా మనకి తెలిసినవాళ్ళే. స్కూల్లో పక్క కుర్చీ ఎవరిదో మనం నిర్ణయించం. ఏ ఇంటి పిల్లయినా, ఏ భాష మాట్లాడినా, తాళం కలవాలంటే ఒకరినొకరు వినాల్సిందే. పిల్లలు తమంతట తాము సంపాదించుకునే స్నేహాలు అక్కడే మొదలవుతాయి.

మా అమ్మాయి విషయంలో ఆ తప్పు చేయలేదు. ఏడో తరగతిలో క్రాస్ కంట్రీ పరుగులో చేరతానంది. ఆ స్కూల్లో ఎవరొచ్చినా చేర్చుకుంటారు, తీసేయడమంటూ లేదు. గడ్డిలో, గుట్టలమీద రెండు మైళ్ళు. మొదటి పోటీకి రాజమండ్రినుంచి వచ్చిన మా అమ్మ కూడా ఉంది. చొక్కాకి నంబరు కాగితం నాలుగు పిన్నీసులతో తనే పెట్టింది. పిల్ల చివరినుంచి రెండోదిగా వచ్చింది. గీత దాటి గడ్డిమీద కూలబడి, అంతలోనే లేచి, వెనక వస్తున్న అమ్మాయికోసం అరవడానికి పరిగెత్తింది. మా అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నేనూ హైస్కూల్లో టెన్నికాయిట్ ఆడేదాన్నే. రింగు గాలిలో వణుకుతూ వస్తుంటే ఒంటిచేత్తో పట్టేదాన్ని. పెద్దదాన్నయ్యానని తాతయ్య మాన్పించారు" అంది. నాకు నలభై మూడేళ్ళు. ఈ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

అమెరికాలో కూడా ఆడపిల్లలకి ఈ దారి ఊరికే తెరుచుకోలేదు. 1972లో, చదువులో ఆడా మగా తేడా చూపకూడదనే టైటిల్ నైన్ చట్టం వచ్చేనాటికి దేశం మొత్తంమీద హైస్కూల్ జట్లలో ఆడే అమ్మాయిలు మూడు లక్షలు కూడా లేరు. ఇప్పుడు 30 లక్షలు దాటారు. అందులో మన అమ్మాయిలు కూడా ఉండాలి.

ఇక్కడి మన తెలుగు అసోసియేషన్‌కి ఒక విన్నపం. ఉగాదికి మనం వేదికమీద పిలిచి శాలువా కప్పేది మార్కులు, ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలకే. అది అలాగే ఉండనివ్వండి. దానితోపాటు ఈసారి ఒక పది నిమిషాలు మిడిల్ స్కూల్ బ్యాండ్, ఆర్కెస్ట్రా పిల్లలకి ఇవ్వండి. వాళ్ళు స్కూల్లో నేర్చుకున్నదే, వచ్చిన ఐదు స్వరాలతోనే వాయించనివ్వండి. ఏ వాద్యమైనా సరే, మార్చి నెల మొదటివారంలోగా పిల్లల పేర్లు మన కల్చరల్ కమిటీకి పంపండి. స్కూలువాళ్ళని అడిగి మ్యూజిక్ స్టాండ్లు తెచ్చే పని నాది. వాటిని కారులోంచి దింపి వేదికమీద సర్దుతానని మావాడు అన్నాడు.